రెండు తలల కావిడి

ఎస్తేరు ఎడమ చేతి పట్టీ తెంచుకుని అద్దాన్ని పిడికిలితో గుద్దింది. అద్దం పగల్లేదు. పగలకూడదనే దాన్ని అంత మందంగా కట్టించారు. ఆమె వేళ్ళ కణుపులే చిట్లి, నెత్తురు చారలుగా కిందికి జారింది. మళ్ళీ గుద్దింది. ఏదో ఒకటి విరగాలి, ఎవడో ఒకడు చావాలి. ఆ పూట ఎస్తేరుకు ఉన్న కోరిక అదొక్కటే. ఆమెను కుర్చీలోకి అదిమి పట్టుకున్న ఇద్దరు ఆయాల్లో ఒకామెకు మోచేయి తగిలి పెదవి చిట్లింది.

అద్దానికి అవతల మంచం మీద ఆరేళ్ళ వీరాంజి కదలకుండా పడుకుని ఉన్నాడు. ట్రాక్టర్ మీంచి పడితే పల్నాడు నుంచి తెచ్చారు. తలవైపు మంచం కాస్త ఎత్తి పెట్టారు. మెడ అటూ ఇటూ వాలకుండా రెండు పక్కలా తువ్వాళ్ళు చుట్టి ఆనించారు. వాడి నెత్తిలో దిగిన సన్నటి తీగె గోడలోంచి ఇవతలికి వచ్చి, ఎస్తేరు మెడ వెనక అతికించిన పట్టీలో కలుస్తుంది. మంచం పక్కన తెర మీద వాడి తలలోని ఒత్తిడి చూపే అంకె ముప్ఫై నాలుగు నుంచి ముప్ఫైకి దిగింది, తర్వాత ఇరవై ఐదయింది.

"ఇరవై దిగింది సార్! పద్దెనిమిది!" అని అరిచింది హసీనా. ఆ వార్డులో అందరికన్నా చిన్న నర్సు ఆమె.

"తీసెయ్యండి," అన్నారు డాక్టర్ పరాంకుశం.

పట్టీ ఊడదీశాక ఎస్తేరు ఆయన మొహాన ఉమ్మింది. ఆయన జేబురుమాలుతో తుడుచుకుని, గడియారం చూసి టైము రాసుకున్నారు. ఇద్దరికీ అది అలవాటే.

ఆ యంత్రానికి పరాంకుశంగారు పెట్టిన పేరు బారెడుంది. నర్సులకు నోరు తిరగక 'కావిడి' అన్నారు. ఒక కొసన పిల్లాడి తల, ఇంకో కొసన నర్సు తల. పుర్రె అనేది మూత బిగించిన డబ్బా. దెబ్బ తగిలో జ్వరం సోకో లోపల మెదడు వాచిందంటే, పక్కకు జరగడానికి దానికి జాగా ఉండదు. బాగున్న తలలో నెత్తురు నాళాలను బిగిస్తూ వదులుతూ ఆ ఒత్తిడిని అదుపు చేసే కాపలాదారు ఒకడుంటాడు. దెబ్బ తిన్న తలలో వాడు సొమ్మసిల్లి పడిపోతాడు. నర్సు తలలోని కాపలాదారును మూడు నాలుగు గంటలపాటు పిల్లాడి తలకు పంపడమే కావిడి చేసే పని. ఈలోగా పిల్లాడి తలలోవాడు తేరుకుంటాడు.

పంపే దారి వెంటే రావడం కూడా ఉంటుందని మొదట్లో ఎవరికీ తోచలేదు. పిల్లాడి ఒత్తిడి నర్సు తలలోకి దిగింది. నొప్పిగా దిగితే ఓర్చుకునేవాళ్ళే, కానుపులు పడ్డవాళ్ళు కదా. అది కోపంగా దిగింది. తనది కాని ఒత్తిడి మీద పడగానే పెద్దవాళ్ళ మెదడు 'ఎవడో నన్ను చంపుతున్నాడు' అనుకుంటుందట. వాణ్ణి ముందే చంపెయ్యమని ఒళ్ళంతటికీ కబురు పెడుతుందట. రెండో పిల్లాణ్ణి మోసి ఇంటికెళ్ళిన నర్సు మార్తమ్మ కుక్కర్ మూతతో మొగుడి ముందుపళ్ళు నాలుగు రాలగొట్టింది. కాఫీ చల్లారిందనడమే ఆ మనిషి చేసిన నేరం. మర్నాడే మార్తమ్మ ఉద్యోగం మానేసింది. మోయగలిగినవాళ్ళలో ఎస్తేరు, హసీనా మాత్రం మిగిలారు.

అప్పుడే వార్డు వెనక బస్తాల గది కట్టారు. గది నిండా ఊక బస్తాలు, మూలన రెండు రోకళ్ళు. కావిడి దించిన నర్సు ఆ గదిలోకి వెళ్ళి, కోపం దిగేదాకా బస్తాలను చావబాదాలి. దిగిందో లేదో తేల్చడానికి డాక్టర్ ఒక పరీక్ష పెట్టారు. సూదీ దారం ఇస్తారు. కోపంతో ఉన్న చెయ్యి వణుకుతుంది కాబట్టి దారం ఎక్కదు. ఎక్కిందా, ఇంటికి పోవచ్చు. మనిషి మోసానికి తావు లేని పరీక్ష అని ఆయన మురిసిపోయారు.

ఎస్తేరు ఆ శనివారం మూడు బస్తాలు చింపింది. ఊక కళ్ళల్లో పడింది, నోట్లో పడింది. ఒంటిగంట దాటింది. కూతురికి ఒంటిపూట బడి, ఇంట్లో ఎవరూ ఉండరు. రోకలి పారేసి తలుపు తట్టింది. సూది తెచ్చిన హసీనా ఎందుకో రెండడుగులు వెనక్కి వేసింది.

"ఇంకాసేపు ఉండక్కా. కళ్ళు ఎర్రగున్నయ్."

"ఊక పడిందిలే. ఇటియ్యి."

దారం మొదటిసారికే ఎక్కింది. కోపం ఇంకా పూర్తిగా దిగలేదు. అది ఎస్తేరుకు తెలుసు. అయినా దారం ఎక్కింది కదా అనుకుంది. మనకు అనుకూలంగా ఉన్న మాటను నమ్మడానికి ఎంతసేపు పడుతుంది గనక.

కెజియాకు తొమ్మిదేళ్ళు. ఆ వారమే దాన్ని బడి బ్యాండులోకి తీసుకున్నారు. తల్లి గుమ్మంలోకి వచ్చేసరికి బాసింపట్టు వేసుకుని, గిన్నె బోర్లించి, రెండు గరిటెలతో దరువు వేస్తోంది.

"అమ్మా, విను విను. ఇది కవాతు దరువు."

"ఆపు కెజియా."

"ఒక్కసారి వినమ్మా, సార్ నన్నే ముందు నిలబెడతన్నాడు."

"ఆపమన్నానా!"

"అయిపోవచ్చిందమ్మా," అని నవ్వుతూ పిల్ల ఇంకో నాలుగు దెబ్బలు వేసింది.

అరికాలి మంట నెత్తికెక్కడం అంటారే, అది మాట వరసకు అనేది. ఎస్తేరుకు నిజంగానే ఎక్కింది. ఎక్కుతున్న దారి కూడా ఆమెకు తెలుస్తూనే ఉంది. పిల్ల జబ్బ పట్టి లేవనెత్తింది, చెంప మీద కొట్టింది, రెండోసారి కొట్టింది. 'అమ్మా' అని పిల్ల చేతులు అడ్డం పెట్టుకుంటే ఆ చేతులు పట్టుకునే విసిరేసింది. ఇనప బీరువా అంచుకు పిల్ల కణత తగిలింది. గిన్నె దొర్లుకుంటూ పోయి గడప దగ్గర ఆగింది.

పిల్ల లేచి కూర్చుని ఏడ్చింది. ఎస్తేరు వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుని, గోడకు తల బాదుకుంది. పావుగంట పోయాక వచ్చి చూస్తే పిల్ల మామూలుగానే ఉంది. బుగ్గ వాచింది, కణత దగ్గర బొప్పి కట్టింది. ఎస్తేరు చల్లటి గుడ్డ వేసి, ఒళ్ళో పడుకోబెట్టుకుని, ఏమీ కాలేదని తనకు తానే చెప్పుకుంది.

లేత్ పనికి వెళ్ళిన మొగుడు జక్రయ్య నాలుగింటికి వచ్చాడు. ఆయన చెప్పులు విడుస్తుండగానే పిల్ల ఒక్కసారి భళ్ళున కక్కింది. కడుపులో తిప్పటం లేదు, వికారం లేదు. పిచికారీ కొట్టినట్టు గోడ దాకా పోయింది. తర్వాత మత్తుగా వాలిపోయింది. ఎస్తేరు ఫోన్ లైటు వేసి కళ్ళు విప్పి చూసింది. కుడి కంటిపాప చిన్నదైంది, ఎడమది కాలేదు. నాడి పట్టుకుంది. యాభై ఎనిమిది. అలాంటి నాడిని తొమ్మిదేళ్ళుగా వేరేవాళ్ళ పిల్లల చేతుల్లో పట్టుకుని చూసింది, తలలో ఒత్తిడి పెరుగుతోందని ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ఆటో పిలువు. పిల్లని మడత పెట్టమాక, వాల్చి పట్టుకో. తల ఎత్తులో ఉండాల, మెడ తిన్నగా ఉండాల," అంది జక్రయ్యతో. గొంతులో ఏ భావమూ లేదు. పక్కింటి సుబ్బరత్తమ్మ పరుగున వచ్చి, చెంబుతో నీళ్ళు పట్టబోయి, గడ్డం గుండెకు ఆనేంత లావు దిండొకటి తల కింద దూర్చింది. ఎస్తేరు చెంబును తన్ని, దిండును వీధిలోకి విసిరింది. సుబ్బరత్తమ్మ గోడకు అంటుకుపోయి నిలబడింది.

వార్డులో స్కానింగ్ అయింది. తీసెయ్యడానికి గడ్డకట్టిన నెత్తురు లేదు, ఉన్నదంతా వాపే. మందులు ఎక్కించారు. గొట్టం వేసి ఊపిరి అందించారు. నెత్తిలో తీగె దించితే అంకె ముప్ఫై ఒకటి చూపించింది. హసీనా రిజిస్టర్ తెరిచి, తలెత్తకుండా అడిగింది. "దెబ్బ ఎట్టా తగిలింది బావా?"

"జారిపడింది," అన్నాడు జక్రయ్య. ఇంటి నుంచి దారిపొడుగునా ఆయన ఏమీ అడగలేదు. బుగ్గ మీద అయిదు వేళ్ళూ ఆయనకు కనపడుతూనే ఉన్నాయి.

ఆ రిజిస్టర్‌లో సగం పేర్ల ఎదురుగా ఉన్నది అదే మాట. జారిపడ్డాడు, జారిపడింది. ఆ మాట చెప్పిన తల్లులను ఎస్తేరు ఎన్నోసార్లు పురుగును చూసినట్టు చూసింది.

"జారి పళ్ళేదు. నేను కొట్టా. చెంప మీద రెండుసార్లు కొట్టి బీరువా మీదికి విసిరేశా. తల్లి కొట్టిందని రాయవే," అంది ఎస్తేరు.

హసీనా పెన్ను ఆగిపోయింది. పరాంకుశంగారు కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు. "దారం ఎక్కించావుగా ఎస్తేరమ్మా," అన్నారు.

"ఎక్కించా సార్. మనిషిని నరికేటప్పుడు ఇచ్చినా ఎక్కిస్తా. నాలుగు రోజుల బిడ్డకి వెంట్రుకంత నరం దొరకబుచ్చుకునే చెయ్యి ఇది. నా చెయ్యి వణకదని మీరే కదా పదిమందికీ చెప్పేది. వణకని చేతులోళ్ళకి వణుకు పరీక్ష పెట్టారు మీరు. నేనూ నమ్మా. నాకు తెలిసీ నమ్మా."

ఆయన తెర వైపు తిరిగారు. అంకె ముప్ఫై మూడైంది.

ఇక కావిడి ఒక్కటే మిగిలింది. కావిడికీ కావిడికీ మధ్య రెండు రోజుల ఎడం ఉండాలన్నది వార్డులో నియమం. హసీనా నిన్న ఎత్తింది. ఎస్తేరు ఈ పొద్దున్నే ఎత్తింది.

"నేనెత్తుతానక్కా. నాకు ఒక రోజన్నా గడిచింది," అంది హసీనా.

"నీ ఇంట్లో చంటిబిడ్డ ఉంది. పాలివ్వడానికి గుండెలకి ఆనించుకుంటావు. ఆ చేతుల్తో ఏం జేస్తావో నీకు తెలుసా? నాకు తెలిసింది ఇయ్యాల," అంటూ ఎస్తేరు వెళ్ళి కుర్చీలో కూర్చుంది.

"ఎస్తేరమ్మా, ఒకే రోజు రెండోసారి ఎత్తితే అది దిగదు. రోజులూ వారాలూ కాదు నేననేది. లోపలే ఉండిపోవచ్చు," అన్నారు డాక్టర్.

"ఉండనియ్యండి. నా బిడ్డ నాకు కావాల. కట్టండి."

కట్టారు. ఈసారి పట్టీలు రెండేసి వేశారు. పట్టీ మెడకు తాకిన క్షణం నుంచి ఎస్తేరు గొడ్డులా అరిచింది. కుర్చీ మేకులు నేలలోంచి కదిలాయి. అడ్డం వచ్చిన ఆయా బొటనవేలు కొరికితే ఎముక దాకా దిగింది. ఎదురుగా నిలబడి ఏడుస్తున్న జక్రయ్యను చూసి, వాడి ఏడుపు మొహం మీద రాయి వెయ్యాలనుకుంది. తన తలలో మోగుతున్నది కూతురి ఒత్తిడేనని తెలుసు. తెలిసినా, ఆ ఒత్తిడి పెట్టినవాళ్ళను చంపాలనిపించింది. పెట్టింది తనే. అందుకని తల వెనక్కి విసిరి కుర్చీ వీపుకేసి బాదుకుంది. పట్టీ ఊడిపోతుందని భయపడి హసీనా ఆ తలను తన గుండెకు అదిమి పట్టుకుని, ముక్కు మీద దెబ్బ తిని కూడా వదల్లేదు.

గంట గడిచినా అంకె ఇరవై ఆరు దగ్గరే నిలిచిపోయింది. అలా మొండికేసినప్పుడు ఆ వార్డులో ఒక ఉపాయం ఉంది. దాన్ని మొదలుపెట్టింది ఎస్తేరే. తల్లిని మంచం పక్కన కూర్చోబెట్టి మెల్లగా మాట్లాడమంటారు. తెలివి లేని పిల్లలకు కూడా తల్లి గొంతు చెవిలో పడితే ఒత్తిడి రెండు మూడు అంకెలు దిగుతుంది. పరాంకుశంగారు కుర్చీ పక్కనున్న మైకు మీట నొక్కి ఎస్తేరు నోటి దగ్గర పెట్టారు.

"మాట్లాడగలవా?"

ఎస్తేరు కళ్ళు మూసుకుంది. ఒంట్లో ఉన్న బలమంతా గొంతు దగ్గరికి తెచ్చుకుని, బూతులన్నీ పళ్ళ వెనకకు నెట్టి, జోల పాడినంత మెత్తగా పలికింది. "కెజియా. అమ్మనమ్మా. బంగారూ, అమ్మని."

అంకె ఇరవై ఆరు నుంచి ముప్ఫై నాలుగుకు ఎక్కింది.

పొరపాటేమోనని ఎస్తేరు ఇంకోసారి పిలిచింది. "కెజియా, భయపడమాక తల్లీ." ముప్ఫై ఎనిమిది. నాడి యాభై కిందికి పడింది. అలారం కొట్టుకుంది. పరాంకుశంగారు మైకు మీట లాగేశారు.

"జక్రయ్యా, నువ్వెళ్ళు లోపలికి. మాట్లాడు, ఏదో ఒకటి మాట్లాడు," అన్నారు.

జక్రయ్య వెళ్ళి మంచం అంచున వంగి, లేత్ మెషీను గురించో, ఎదురింటి కుక్కపిల్లల గురించో చెప్పాడు. ఆయన పెదవులు కదలడమే ఎస్తేరుకు కనిపించింది. అంకె ముప్ఫైకి, ఇరవై ఏడుకు, ఇరవై నాలుగుకు వచ్చింది.

ముప్ఫై ఇద్దరు పిల్లలను మోసిన ఎస్తేరుకు ఆ అంకె అబద్ధం చెప్పదని తెలుసు. ఊపిరి కూడా తనంతట తాను తీసుకోలేని పిల్ల, కన్నతల్లి గొంతు వినగానే వణికింది. కోపం కన్నా పెద్దదేదో ఆమెలో లేచి, కోపాన్నే కాసేపు తొక్కిపెట్టింది. అద్దం ఎంత మందమైనా ఆ పూట దాన్ని ఆమె నమ్మలేకపోయింది.

"హసీనా, నా నోట్లో గుడ్డలు కుక్కు. నా అరుపు దానికి వినపడకూడదు. చిన్న గుడ్డ కాదే, ఊపిరాడకపోయినా సరే," అంది.

పదకొండు గంటలు మోసింది. అంతసేపు ఎవరూ ఎప్పుడూ మొయ్యలేదు. గుడ్డ లోపల రెండు పళ్ళు విరిగాయి. మణికట్లు ఒరుసుకుపోయి మాంసం కనపడింది. ఒక్క అరుపు బయటికి రాలేదు. ఆదివారం తెల్లారేసరికి అంకె పన్నెండు చూపించింది. పట్టీ తియ్యడానికి వంగిన పరాంకుశంగారి గొంతును ఎస్తేరు కట్టు ఊడిన చేత్తో పట్టుకుంది. ఆయన మొహం నల్లబడేదాకా వదల్లేదు. నలుగురు వచ్చి వేళ్ళు ఒక్కొక్కటీ విరిచినట్టు విప్పితే, వాటిలో రెండు నిజంగానే విరిగాయి.

అయిదు రోజులైనా కోపం దిగలేదు. బస్తాల గదిలో బస్తాలు అయిపోతే కొత్తవి తెచ్చారు, అవీ అయిపోయాయి. జక్రయ్య క్యారేజీ తెస్తే దాన్ని ఆయన మీదికే విసిరింది. చారు కళ్ళలో పడ్డా ఆయన అన్నం మెతుకులు ఏరి, మర్నాడు మళ్ళీ తెచ్చాడు. ఆయన మీద ప్రేమ ఉంది. ఆయన అడుగుల చప్పుడు వింటే చంపాలనీ ఉంది. రెండూ ఒకే గుండెలో ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. తలుపుకు బయట గడియ పెట్టమని ఎస్తేరే చెప్పింది. సూదీ దారం పరీక్ష పేరు ఇక ఎవరూ ఎత్తలేదు.

ఆరోరోజు మధ్యాహ్నం హసీనా వచ్చి కిటికీలోంచి చెప్పింది. "అక్కా, గొట్టం తీశారు. కెజియా మాట్లాడతంది. కుడి చెయ్యి కాస్త మొద్దుగా ఉంది, వచ్చుద్దంటన్నారు సారు. నిన్నే అడుగుతంది."

"తీగె తీశారా?"

"ఇంకా లేదు, రేపు తీస్తారు."

"అయితే ఇయ్యాలే తీసుకెళ్ళు నన్ను. అంకె చూడాల."

కట్లు వేసి తీసుకెళ్ళి అద్దం ఇవతల కూర్చోబెట్టారు. విరిగిన వేళ్ళకు పట్టీ వేసిన చేతిని మాత్రం వదిలేశారు. ఇరవై దాటితే ఆపేస్తానన్నారు డాక్టర్. ఆయన మెడ మీద వేళ్ళ అచ్చులు ఇంకా కమిలే ఉన్నాయి. అవతల గుండు చేసిన తలతో కెజియా దిండు లేకుండా వాలుగా పడుకుని ఉంది. కళ్ళు తెరిచి అద్దం వైపే చూస్తోంది. స్పీకరులో దాని గొంతు వచ్చింది, బొంగురుగా, సన్నగా.

"అమ్మా, ఉన్నావా? నాన్న చెప్పాడు, అది నీ కోపం కాదంట కదా. నాకేం భయం లేదమ్మా. మాట్లాడు."

తెర మీద పదమూడు ఉన్నది, ఆ మాటలు అంటుండగానే పదిహేనైంది.

ఎస్తేరు మైకు దగ్గరికి వంగింది. ఆ చిన్న గొంతు వింటుంటే కూడా పిడికిలి బిగుసుకుంటోంది. కూతురు ముద్దుగా మాట్లాడితే ఒళ్ళు మండే బతుకు వచ్చిందే అని ఏడుపొచ్చింది. ఏడిస్తే గొంతు మారుతుందని మింగేసింది.

"కెజియా," అంది.

పిల్ల మొహం విప్పారింది. నిజంగా సంతోషించింది, తల్లికి తెలియదా. పెదవులు నవ్వుతూనే ఉన్నాయి. పక్కన అంకె పదిహేడైంది, పద్దెనిమిదైంది, పంతొమ్మిదైంది. పిల్ల అబద్ధం ఆడటం లేదు, అంకె కూడా ఆడటం లేదు.

డాక్టర్ చెయ్యి కదలకముందే ఎస్తేరు విరిగిన వేళ్ళతో మీట లాగేసింది. వినపడటం మాత్రం ఉంచుకుంది. అవతల కెజియా ఆగకుండా చెబుతూనే ఉంది. గుండు మీద చెయ్యి పెడితే గరుగ్గా ఉందట. గంజి అసలు బాగాలేదట. ఎడమ చేత్తోనే గ్లాసు పట్టుకుందట. తల్లి జవాబు చెప్పడం లేదని దానికి ఇంకా తెలియలేదు. చెప్పుకుంటూ పోతుంటే అంకె మెల్లగా దిగసాగింది. పద్దెనిమిది, పదహారు, పద్నాలుగు.

"రేపు తీగె తీసేముందు ఇంకో మాట ప్రయత్నం చేద్దాం," అన్నారు పరాంకుశంగారు.

ఎస్తేరు తల ఊపింది. అంకె మళ్ళీ పదమూడుకు వచ్చి నిలిచేదాకా, కూతురికి వినపడదని తెలిసి కూడా, ఊపిరి చప్పుడు కాకుండా కూర్చుంది.